పెరుగుతున్న మార్కెట్లో ట్రేడర్ ఉక్రోషం

షేర్ మార్కెట్ కుప్పకూలిన రోజున ట్రేడర్‌కు ఒక ఊరట ఉంటుంది: పోగొట్టుకున్నవాడు తానొక్కడే కాదు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 3,934 పాయింట్లు పడినప్పుడు ఎవరి తెలివితేటలనూ ఎవరూ ప్రశ్నించలేదు. పెరిగే మార్కెట్లో వచ్చే నష్టానికి అలాంటి తోడు దొరకదు. నెలనెలా కొంత సిప్‌లో (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) వేసి ఆ సంగతే మరిచిపోయిన బావమరిది పండక్కి వచ్చి ఫోన్లో తన లాభం చూపిస్తుంటే, రోజంతా స్క్రీన్ ముందు కూర్చునేవాడు తన ఖాతా ఎందుకు తరిగిపోయిందో ఇంట్లో వివరించలేడు. మాలాంటి ట్రేడర్లకు ఈ ఉక్రోషం కొత్తది కాకపోయినా 2023, 2024 సంవత్సరాల్లో అది పరాకాష్ఠకు చేరింది. దురదృష్టమనో, క్రమశిక్షణ లోపమనో దానికి పేరు పెట్టి సరిపెట్టుకోవడం తేలిక. నాకు మాత్రం, ట్రేడింగ్ నడిచే పద్ధతే మనిషిని పెరుగుదలకు బయట నిలబెడుతుందని అనిపిస్తుంది.

ముందు ఎదురుచూపు సంగతి చూద్దాం. 2023 మార్చిలో పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ 16,828 దాకా దిగింది. 2024 సెప్టెంబర్ 27న 26,277ను తాకింది. ఏడాదిన్నరలో ఇది దాదాపు 56 శాతం పెరుగుదల. శిఖరం నుంచి 10 శాతం పడితే మార్కెట్ భాషలో దాన్ని కరెక్షన్ అంటారు. ఆ ఏడాదిన్నరలో నిఫ్టీ అలా ఒక్కసారి కూడా పడలేదు. 2023 సెప్టెంబర్, అక్టోబర్ నెలల మధ్య 7 శాతం దాకా తగ్గి, మళ్లీ కొత్త శిఖరాలకు వెళ్లింది. 2023 జూన్ చివర్లో సూచీ మొదటిసారి 19,000 దాటినప్పుడు, ఇది ఖరీదైన ధర, కరెక్షన్ రానిద్దాం, అప్పుడు కొందాం అని నగదు పట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామంది. వాళ్లు కోరుకున్న కరెక్షన్ చివరికి వచ్చింది కూడా. 2025 ఏప్రిల్ 7న నిఫ్టీ 21,743కు దిగింది, అంటే శిఖరం నుంచి 17 శాతానికి పైగా పతనం. కానీ ఆ అట్టడుగు ధర కూడా, ఖరీదని వాళ్లు వదిలేసిన 19,000 కంటే 14 శాతం ఎక్కువ. పతనం గురించి వాళ్లు వేసిన అంచనా నిజమైంది. ఆ అంచనా వల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదు.

ఇక ధైర్యం చేసి రంగంలోకి దిగినవారి పరిస్థితి ఏమిటి? 2024 జూన్ మొదటి వారాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఎగ్జిట్ పోల్స్ తర్వాత జూన్ 3న నిఫ్టీ 733 పాయింట్లు లాభపడి 23,263 వద్ద ముగిసింది. పత్రికలన్నీ మదుపరుల పంట పండిందని రాశాయి. అయితే ఆ రోజు సూచీ మొదలవడమే 800 పాయింట్ల ఎత్తున, 23,337 వద్ద మొదలైంది. ఉదయం 9:15కు కొని సాయంత్రం 3:30కు అమ్మిన ట్రేడర్ ఆ మహత్తర దినాన నష్టంతో ఇంటికి వెళ్లాడు. మర్నాడు ఓట్ల లెక్కింపు. నిఫ్టీ దాదాపు 6 శాతం, సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడ్డాయి. ముందురోజు ఆలస్యంగా కొన్నవారి స్టాప్ లాస్‌లన్నీ (నష్టం ఒక హద్దు చేరగానే దానంతటదే అమ్మేసే ఆర్డర్లు) తెగిపోయాయి. భయంతో ఆ రోజు సాయంత్రం పుట్ ఆప్షన్లు, అంటే ధర పడితే లాభమిచ్చే కాంట్రాక్టులు, కొన్నవారికి మిగిలింది అంతకంటే తక్కువ: మూడు సెషన్ల తర్వాత, జూన్ 7న నిఫ్టీ 23,290 వద్ద ముగిసి పోగొట్టుకున్నదంతా రాబట్టుకుంది. ఆ వారమంతా తన యూనిట్లను ముట్టుకోని సిప్ మదుపరి వార్తలు చూడకుండా ఉన్నా నష్టమేమీ జరిగేది కాదు.

ఇక్కడ పనిచేసే యంత్రాంగం ఒక రకంగా దయలేనిది. పెరిగే మార్కెట్లో లాభంలో గణనీయమైన భాగం రాత్రిపూట, మార్కెట్ మూసి ఉన్నప్పుడే వచ్చేస్తుంది. ఏ రోజు కొన్నది ఆ రోజే అమ్మేసే ఇంట్రాడే ట్రేడర్ ఆ వేళకు పొజిషన్లన్నీ ఖాళీ చేసుకుని నిద్రపోతుంటాడు. కొంచెం లాభం కనబడగానే బుక్ చేసుకోవాలన్న తొందర పెద్ద పెరుగుదలలను సగంలోనే తెంపేస్తుంది. అమ్మిన షేరు ఇంకా పెరుగుతుంటే తిరిగి ఎక్కువ ధరకు కొనడానికి మనసు ఒప్పుకోదు. ఆప్షన్ కొన్నవాడికి దిశ ఒక్కటే సరిపోతే చాలదు, గడువు కూడా కలిసిరావాలి. ఎక్స్‌పైరీ, అంటే ఆ గడువు తేదీ, దగ్గరపడే కొద్దీ ప్రీమియం (ఆప్షన్‌కు చెల్లించిన ధర) కరిగిపోతూనే ఉంటుంది. వీటిలో ఏదీ పిచ్చిపని కాదు. ప్రతి ఒక్కటీ రిస్కు తగ్గించుకోవడానికి నేర్పిన సూత్రమే. అన్నీ కలిపితే మాత్రం ఎదుగుదలకు దూరంగా ఉండే ఏర్పాటు తయారవుతుంది.

పెరుగుదల మీద ట్రేడర్ అనుమానం కూడా ఊరికే పుట్టలేదు. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబర్‌లో 8,000 కిందికి జారడం చూసినవారు ఇప్పటికీ ట్రేడింగ్ చేస్తున్నారు. తెలుగువారికి ఇంకో గాయం ఉంది: 2009 జనవరి 7న హైదరాబాద్ సంస్థ సత్యం షేరు ఒకే రోజు దాదాపు 78 శాతం పడిపోయింది. మన ఊళ్లలో షేర్లంటే జూదమనే మాట మరో దశాబ్దం పాటు బలంగా నిలబడటానికి అదొక కారణం. ఆ జ్ఞాపకాలున్న ట్రేడర్‌కు ప్రతి కొత్త గరిష్ఠమూ గోతి అంచులాగే కనిపిస్తుంది. 2020 మార్చి తర్వాత వచ్చినవారికి ఆ భయం లేదు. దేశంలో షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలు అప్పుడు నాలుగు కోట్లు, 2024 మార్చికి పదిహేను కోట్లు. తక్కువ తెలిసినవారు ఎక్కువ సంపాదించడం అనుభవజ్ఞుడికి మింగుడుపడని విషయం, నిజం చెప్పాలంటే నాకూ అంతే.

పాత కొలబద్దలు చెల్లకపోవడానికి కారణం కూడా ఈ కొత్త డబ్బులోనే ఉంది. విదేశీ సంస్థాగత మదుపరులు అమ్మితే మార్కెట్ పడుతుందన్నది ఒక తరానికి కంఠస్థమైన పాఠం. రోజూ సాయంత్రం ఆ అమ్మకాల అంకె చూసి మర్నాటి వ్యూహం వేసుకునేవారు. 2024 ఏప్రిల్‌లో నెలవారీ సిప్ పెట్టుబడులు మొదటిసారి 20,000 కోట్ల రూపాయలు దాటాయి. ఆ వసంతంలో విదేశీయులు అమ్ముతున్నా దేశీయ నిధులు కొంటూ పోయాయి, సూచీ నిలబడింది. ధర పడుతుందని ముందే అమ్మి షార్ట్ చేసినవారు ఆ గోడకు తలలు బాదుకున్నారు.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో విడుదల చేసిన అధ్యయనం ఈ నేపథ్యంలో చదవదగినది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో (షేర్ల భవిష్యత్ ధరలపై గడువున్న కాంట్రాక్టులు) వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి మిగుల్చుకున్నవారు ఒక్క శాతం మాత్రమే. అది నిఫ్టీ మొత్తం మీద ఎంతో ఎత్తుకు ఎదిగిన కాలం. ఆ మూడేళ్లలో లావాదేవీల ఖర్చుల కిందే దాదాపు 50,000 కోట్లు పోయాయి, అందులో సగం బ్రోకరేజీ. వరుసగా రెండేళ్లు నష్టపోయినవారిలో కూడా మూడొంతులకు పైగా మళ్లీ ఆడారు.

ఆ తర్వాత ఈ ఆటను కట్టడి చేయడానికి సెబీ ఒక్కో కాంట్రాక్టు విలువను కనీసం 15 లక్షలకు పెంచింది, ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒకే వారపు ఎక్స్‌పైరీ మిగిల్చింది. 2024 అక్టోబర్ నుంచి మార్కెట్ కూడా వెనక్కి తిరిగి, నిఫ్టీ వరుసగా ఐదు నెలలు నష్టాల్లో ముగిసింది. 1996 తర్వాత అంత పొడవైన పతనం లేదు. పెరుగుదలే మా శత్రువు అని నమ్మినవారికి అది పండుగ కావలసింది. కానీ సెబీ తర్వాతి లెక్కల ప్రకారం 2024-25లో వ్యక్తిగత ట్రేడర్ల నికర నష్టం 1,05,603 కోట్లు, అంతకు ముందు ఏడాది కంటే 41 శాతం ఎక్కువ. నష్టపోయినవారు 91 శాతం. పడిన ఐదు నెలల్లోనూ సూచీ తిన్నగా జారలేదు, వారం దిగి, రెండు రోజులు ఎగిసి, మళ్లీ దిగింది. పుట్ ప్రీమియంలు ఆ విరామాల్లో కరిగిపోయాయి.