స్మాష్ వీడియోలు సరే, రిసీవ్ సంగతేంటి?

వాలీబాల్ అటాక్ మీద ఆన్‌లైన్‌లో పాఠాలకు కొదవ లేదు. ఒకప్పుడు క్విక్ (నెట్ పక్కనే తక్కువ ఎత్తులో ఇచ్చిన బంతిని వెంటనే కొట్టడం), పైప్ (వెనక వరస మధ్య నుంచి ఎగిరి కొట్టడం) లాంటి ఎత్తుగడలు పద్ధతిగా నేర్చుకోవాలంటే పటియాలాలో కోచ్‌లకు శిక్షణ ఇచ్చే ఎన్ఐఎస్‌లో సీటు దొరకాలి, లేదంటే పెద్ద కోచ్ వెంట ఏళ్ల తరబడి తిరగాలి. ఇప్పుడు మండలంలోని పీఈటీ సారు కూడా రాత్రి భోంచేశాక ఫోన్‌లో బ్రెజిల్, ఇటలీ జట్ల ఆట చూసి, మర్నాడు పొద్దున గ్రౌండ్‌లో పిల్లల చేత చేయిస్తున్నారు. ఇది చిన్న మార్పేం కాదు. కానీ ఈ పాఠాల్లో చాలావాటికి ఒకటే జబ్బు. బంతి సెట్టర్ (స్మాషర్‌కి బంతి ఎత్తి ఇచ్చేవాడు) చేతికి చేరాకే వీడియో మొదలవుతుంది.

అటాక్ సంగతి అప్పటికే సగం తేలిపోయి ఉంటుంది. సర్వీస్‌ను రిసీవ్ చేసినవాడు బంతిని నెట్ దగ్గరికి చక్కగా అందిస్తే సెట్టర్ ముందు మూడు నాలుగు దారులుంటాయి. ఎవరికి ఎత్తుతాడో తెలియక అవతలి బ్లాకర్లు తడబడతారు. అదే బంతి నెట్‌కి మూడు మీటర్ల దూరంలోని గీత దగ్గర పడిందా, మధ్యలో క్విక్ దాదాపు పోయినట్టే. ఇక మిగిలేది చివరకు వేసే ఎత్తు బంతి. అక్కడ ఇద్దరు బ్లాకర్లు తీరిగ్గా చేతులెత్తి నిలబడతారు. మరి రిసీవ్ వీడియోకి లైకులు రావు కదా!

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో మత్సుదైరా కోచ్‌గా జపాన్ పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. ఎత్తులో యూరప్ వాళ్లతో పోటీ పడలేమని తెలిసి టైమింగ్‌ను నమ్ముకున్నారు. ఒకడు క్విక్‌కి ఎగిరినట్టు ఎగిరి బ్లాకర్లను లేపుతాడు, వాళ్లు కిందికి దిగేలోపు ఇంకొకడు వచ్చి కొట్టేస్తాడు. పొడగరులు తక్కువగా ఉండే మన స్కూల్ జట్లకు ఇంతకంటే పనికొచ్చే పాఠం లేదు. అయితే ఈ ఎత్తుగడ పారాలంటే మొదటి పాస్ బాగుండాలి. సాయంత్రం గాలికి మట్టి కోర్టులో ఊగుతూ వచ్చే ఫ్లోటర్ సర్వీస్‌ను అందుకోలేని జట్టుకు ఎన్ని కాంబినేషన్లు నేర్పినా దండగే.

ఆన్‌లైన్ కోర్సుల్లో నాకు బాగా నచ్చింది లెక్క నేర్పడం. ఒక స్మాషర్ 20 కొట్టి 10 పాయింట్లు తెస్తే గ్యాలరీలో చప్పట్లే చప్పట్లు. కానీ మూడు బయటికి కొట్టి, మూడు బ్లాక్‌కి అప్పగించి ఉంటే నికరంగా మిగిలేది నాలుగే, దాన్ని 20తో భాగిస్తే 0.200. ఇక్కడ ఆగిపోకుండా, ఆ ఆరు తప్పుల్లో మంచి పాస్ మీద ఎన్ని, చెడ్డ పాస్ మీద ఎన్ని అని విడదీస్తే తిట్లు తినాల్సింది ఎవరో మారిపోవచ్చు.

రొటేషన్ (సర్వీస్ చేతికొచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో స్థానం జరగడం) కూడా అంతే. ఒకే సెట్టర్‌తో ఆడే జట్టులో, అతను ముందు వరసలోకి వచ్చిన మూడు రొటేషన్లలో ముందు కొట్టేవాళ్లు ఇద్దరే. వెనక నుంచి కొట్టేవాడు లేకపోతే బ్లాకర్ల పని సులువు. గెలుస్తున్న సెట్‌లో ఉన్నట్టుండి వరసగా ఐదారు పాయింట్లు పోయి, కోచ్ టైమౌట్ తీసుకుని "ఏకాగ్రత, ఏకాగ్రత" అని అరుస్తుంటాడు. పిల్లలకు లేనిది ఏకాగ్రత కాదు, ఆ రొటేషన్‌కి ఒక ప్లాను.

అందుకే మనకు కావాల్సింది మరో వంద డ్రిల్ వీడియోలు కాదు. బేస్‌లైన్ వెనక స్టాండ్‌కి ఫోన్ పెట్టి తీసిన సొంత మ్యాచ్, దాన్ని కూర్చుని చూసి తెలుగులో తప్పొప్పులు చెప్పే సీనియర్ కోచ్ ఒకరు. లాక్‌డౌన్‌లో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కోచ్‌లకు ఆన్‌లైన్ తరగతులు నడిపినప్పుడే దూరం అడ్డు కాదని తేలింది. ఇప్పుడు చివర్లో పది బిట్ల క్విజ్ పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సులు, ఆ క్విజ్ బదులు ఒక పని అడగాలి. నీ జట్టు ఏ రొటేషన్‌లో ఎక్కువ పాయింట్లు పోగొట్టుకుందో నీ వీడియోలోనే చూపించు, అక్కడ రిసీవ్‌కి ఎవరిని ఎక్కడ నిలబెడతావో చెప్పు.