రోడ్డు మీద పాటకు చోటేదీ?

2025 ఫిబ్రవరి 9, ఆదివారం ఉదయం. బెంగళూరు చర్చ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద ఒక గాయకుడు గిటార్ తగిలించుకుని పాట అందుకున్నాడు. జనం మూగారు, ఫోన్లు పైకి లేచాయి. పాట సగంలో ఉండగానే పోలీసు వచ్చి వైరు పీకేశారు. ఆ పాడుతున్నది బ్రిటన్ పాప్ స్టార్ ఎడ్ షీరన్. ముందే అనుమతి తీసుకున్నామని ఆయన అన్నారు. అడిగిన మాట నిజమే గానీ, రద్దీ అవుతుందని మేము ఇవ్వలేదని పోలీసులు అన్నారు. అదే ఊళ్లో, టికెట్ కొన్న జనం ముందు గాయని శిల్పారావుతో కలిసి ఆయన ఓ తెలుగు పాట పాడితే మాత్రం మనవాళ్లు ఆ వీడియోను చూసి తెగ మురిసిపోయారు. గేటు లోపల పాడితే కచేరీ, గేటు బయట పాడితే న్యూసెన్స్!

షీరన్‌కు పోయిందేమీ లేదు. అదే పేరు లేని ఓ కుర్రాడికి జరిగితే అది వార్త కూడా కాదు. సొంతంగా పాటలు కట్టుకుని, ఏ కంపెనీ అండా లేకుండా రోడ్డు మీద పాడుకుందామనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు మన నగరాల్లోనూ ఉన్నారు. బస్కింగ్ అని ఇంగ్లిష్ పేరుతో పిలుస్తున్నాం కాబట్టి ఇదేదో లండన్ నుంచి దిగుమతైన సరదా అనిపిస్తుంది. కాదు. తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలతో సంక్రాంతికి వాకిట్లోకి వచ్చే హరిదాసు చేసేది ఇదే. సన్నాయి ఊదుతూ గంగిరెద్దును ఆడించేవాళ్లు చేసేదీ ఇదే. అంతెందుకు, తంజావూరు రాజు పిలిచినా వెళ్లని త్యాగరాజస్వామి తిరువయ్యారు వీధుల్లో కీర్తనలు పాడుకుంటూ, ఇళ్లవాళ్లు వేసిన గింజలతో పూట గడుపుకున్నారు. దాన్ని మనం ఉంఛవృత్తి అని గౌరవంగా చెప్పుకుంటాం. ఆరాధన రోజున ఇప్పటికీ ఆ ఊళ్లో విద్వాంసులు ఉంఛవృత్తి చేస్తూ ఊరేగింపుగా వెళ్తారు.

చట్టానికి మాత్రం పాటకూ అడుక్కోవడానికీ తేడా తెలియదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం ప్రకారం, పాట పాడో, ఆట ఆడో, జోస్యం చెప్పో బహిరంగ స్థలంలో డబ్బు తీసుకున్నా అది అడుక్కోవడమే. మన ఉమ్మడి రాష్ట్రం కూడా 1977లో సొంతంగా ఒక భిక్షాటన నిరోధక చట్టం చేసుకుంది. ఢిల్లీకీ వర్తింపజేసిన ఆ బొంబాయి చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఇక రైళ్లలో భిక్షాటన కూడదనే రైల్వే చట్టం 144వ సెక్షన్ సరేసరి. రైలు పెట్టెలో అంధ గాయకుడు పాడే పాత పాట మనందరికీ అలవాటే. ఆ పాటకు ఎవరైనా పది రూపాయలు ఇస్తే అది అడుక్కోవడం కిందే లెక్కయ్యే అవకాశం ఉంది. పాటకు ఇచ్చేది సంభావన. దాన్ని భిక్షగా లెక్కగట్టినంత కాలం మిగతా చర్చంతా వృథా.

అసలు రోడ్డు మీదే ఎందుకు పాడాలి? తెలుగులో పాటంటే ఇప్పటికీ దాదాపు సినిమా పాటే. సొంత పాట రాసుకున్నవాడికి పబ్బులో అవకాశం వచ్చినా, రెండో పాటకే 'హిట్లు పాడు బ్రదర్' అని కేక పడుతుంది. ఆన్‌లైన్‌లో పెడితే విన్నవారి లెక్క అంకెల్లో కనబడుతుంది, వాళ్ల ముఖాలు కనబడవు. రోడ్డు మీద అలా కాదు. నచ్చకపోతే మనిషి ఆగడు, నచ్చితే ఆగుతాడు. ఏ చరణం దగ్గర ఆగాడో, ఎక్కడ ఫోన్ తీసి వెళ్లిపోయాడో పాడేవాడి కళ్లముందే జరుగుతుంది. రెండు నెలలు అలా పాడితే పాటలో తీసేయాల్సిన లైన్లు తమంతట తామే తెలిసిపోతాయి. ఏ స్టూడియోలోనూ ఈ పాఠం దొరకదు. వచ్చిన డబ్బులో మధ్యవర్తి వాటా ఉండదు, చేతికి వెంటనే వస్తుంది. అయితే ఒకరోజు వస్తుంది, ఒకరోజు ఆటో ఖర్చులకూ రాదు. నెల జీతంలా దీన్ని నమ్ముకోమని మేము ఎవరికీ చెప్పం.

పైకి తేలిగ్గా కనిపించినా ఇందులో పనితనం చాలా ఉంది. వాషింగ్టన్ మెట్రో స్టేషన్లో 2007 జనవరి 12న ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్, ఎవరో చెప్పకుండా టోపీ పెట్టుకుని 43 నిమిషాలు వాయించారు. 1,097 మంది ముందు నుంచి నడిచి వెళ్తే ఆగి విన్నది ఏడుగురు. వచ్చింది 32 డాలర్ల చిల్లర. జనానికి అందాన్ని గుర్తించే తీరిక లేదని ఈ కథను అందరూ చెబుతుంటారు. మాకు ఇంకోలా అనిపిస్తుంది. శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ఆఫీసుకు పరుగెత్తేవాళ్లను ఆపాలనుకోవడమే పొరపాటు. ఆ స్టేషన్లో రోజూ వాయించేవాడైతే సాయంత్రం వచ్చేవాడు. జనం ఎక్కువున్న చోటు కంటే తీరిక ఉన్న చోటు మేలు. ఆఫీసు మెట్ల కంటే ఐస్‌క్రీమ్ బండి పక్కన ఆగేవాళ్లే ఎక్కువ.

ఇలాంటి కిటుకులు ఇంకా ఉన్నాయి. డబ్బులు వేసే డబ్బాను ఖాళీగా పెట్టి మొదలుపెట్టరు, తమ జేబులోంచే రెండు మూడు నోట్లు వేసుకుంటారు. బోణీ అయిన కొట్టుకే కదా గిరాకీ వచ్చేది. వినేవాళ్లు పది నిమిషాలకోసారి మారిపోతుంటారు కాబట్టి ముప్ఫై పాటలు అక్కర్లేదు, గట్టిగా వచ్చిన పది చాలు. ఒక తెలిసిన పాటతో జనాన్ని ఆపి, ఆగినవాళ్లకు సొంత పాట వినిపించడం పాత ఎత్తుగడే. స్పీకర్ బ్యాటరీ మీద నడిచే చిన్నదైతే మోయడానికీ వీలు, ఎదుటివాడి చెవికీ హాయి. జేబులో చిల్లర లేదనే సాకు యూపీఐ వచ్చాక పోయింది. క్యూఆర్ కోడ్ అట్ట నాలుగడుగుల దూరం నుంచి కనబడాలి, పక్కనే పాట దొరికే ఛానల్ పేరూ ఉండాలి. డబ్బు అందిందని అరిచే సౌండ్‌బాక్స్‌ను మాత్రం ఇంట్లో వదిలి రావడం మంచిది. ఆలాపన మధ్యలో 'పది రూపాయలు' అని అది అందుకుంటే ఏ రాగమూ తట్టుకోలేదు! ఇక హైదరాబాద్, విజయవాడ ఎండల్లో ఏప్రిల్ దాటితే మధ్యాహ్నం మాటే ఎత్తకూడదు. అమ్మాయిలకైతే వీటన్నిటికంటే ముందు భద్రత. తోడు ఒకరు లేకుండా, లైట్లు సరిగా లేని చోట పాడమని ఎవరూ చెప్పలేరు.

ఎదురుగా షాపు పెట్టుకున్నాయన బాధ కూడా నిజమే. దారిన పోయేవాడు పాటను మూడు నిమిషాలు వింటాడు, ఆయన అదే పాటను రోజుకు ఎనిమిదిసార్లు వినాలి. లండన్ లీసెస్టర్ స్క్వేర్‌లో సరిగ్గా ఇదే గొడవ కోర్టు దాకా వెళ్లింది. అక్కడి ఆఫీసులవాళ్లు పని చేసుకోలేకపోతున్నామని మొత్తుకుంటే, 2025 ఏప్రిల్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఆ స్క్వేర్‌లో వీధి ప్రదర్శనలు ఆపేసింది. లైసెన్సు పద్ధతి ఉన్న చోటే ఇలా జరిగిందంటే, కాగితం ఇస్తే సరిపోదు, అమలు కూడా చూసుకోవాలన్నమాట. అదే లండన్‌లో భూగర్భ రైలు స్టేషన్ల కథ వేరు. అక్కడ 2003 నుంచి ఆడిషన్ పెట్టి లైసెన్సు ఇస్తున్నారు. నేల మీద అర్ధచంద్రాకారంలో గీసిన చోటే నిలబడాలి, ముందే బుక్ చేసుకున్న వేళలోనే పాడాలి. టైమ్ అయితే తర్వాతివాడికి చోటివ్వాలి. పారిస్ మెట్రోలోనూ 1997 నుంచి ఆడిషన్ల పద్ధతి ఉంది.

మన దగ్గర కొత్తగా కనిపెట్టాల్సినవి తక్కువే. శబ్దానికి 2000 నాటి నిబంధనలు ఉన్నాయి. వ్యాపార ప్రాంతంలో పగలు 65 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్ వాడకూడదు, ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్దంగా ఉండాలి. బరాత్ డీజేల మీద వీటిని ప్రయోగించిన దాఖలాలు ఎన్నున్నాయో పాఠకులకే తెలుసు. బ్యాటరీ స్పీకర్ మీద మాత్రం చటుక్కున గుర్తొస్తాయి. తోపుడుబళ్లవారి కోసం 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. గుర్తింపు పత్రం, కేటాయించిన జోన్, వ్యాపారుల ప్రతినిధులు కూర్చునే టౌన్ వెండింగ్ కమిటీ అందులో ఉన్నాయి. ప్రజలకు సేవలు అందించేవారినీ ఆ చట్టం వీధి వ్యాపారి అనే మాటలో కలిపింది. పాటను కూడా ఒక సేవగా గుర్తిస్తూ రాష్ట్ర ప్రభుత్వాలు స్పష్టత ఇస్తే, మున్సిపాలిటీల పని సగం తగ్గుతుంది.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చాం. రెండేళ్లకే ఆయన కూలి పనికి వెళ్తున్నారని వార్తలు చదివాం. ఢిల్లీలో పతకం ఇవ్వగలిగినవాళ్లం ఊళ్లో రోజూ వాయించుకునే చోటు ఇవ్వలేమా? అలాంటి చోటు ఉంటే గిటార్ పిల్లలకే కాదు, కిన్నెరకూ, బుర్రకథకూ, ఊరూరా కథలు పాడే శారదకాళ్లకూ పనికొస్తుంది. ఆడిషన్ పేరుతో వాళ్లను సర్టిఫికెట్లు అడగకుండా ఉంటే చాలు.

హైదరాబాద్‌లో 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి జనాన్ని నడవనిచ్చారు. అంతమంది తీరిగ్గా తిరిగే చోటు పాడేవాడికి ఇంకెక్కడ దొరుకుతుంది? అక్కడ మూడు చోట్లు, విశాఖ ఆర్‌కే బీచ్‌లో మూడు చోట్లు గీసి, ఆరు నెలలు చూడమని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ఒక్కొక్కరికి రెండు గంటలు, ఒక ఫోన్ నంబరు, ఫిర్యాదు వస్తే ఎవరు చూడాలో ఒక అధికారి పేరు. ఖర్చు విషయానికొస్తే ఒక పెయింటు డబ్బా, ఒక రిజిస్టరు.