ఆ అలుపు కాళ్లది కాదు

సిక్కోలు కోడి రామ్మూర్తి స్టేడియంలోనో, విజయనగరం పల్లెల్లో హైస్కూలు గ్రౌండులోనో సాయంత్రం పరుగుకొచ్చే కానిస్టేబుల్ అభ్యర్థుల్లో చాలామంది అప్పటికే ఏడెనిమిది గంటలు అర్థమెటిక్కు, రీజనింగులతో కుస్తీ పట్టి వచ్చినవాళ్లే. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద చుట్టుకి 2 నిమిషాలు. మూడో చుట్టులో చతికిలబడితే "స్టామినా చాల్లేదురా, రేపట్నుంచి ఇంకో రెండు చుట్లు" అనేస్తారు. అలిసింది కాళ్లు కాదు, బుర్ర. రోగం ఒకటైతే మందు ఇంకొకటి.

2009లో క్రీడాశాస్త్రవేత్త శామ్యూల్ మార్కోరా బృందం 16 మందికి ఒకరోజు 90 నిమిషాలు చూపు తిప్పనివ్వని కంప్యూటర్ పని పెట్టింది. ఇంకోరోజు అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించింది. రెండుసార్లూ ఆ వెంటనే, వాళ్ల గరిష్ఠ శక్తిలో 80 శాతం దగ్గర ఇక చాలనే దాకా సైకిల్ తొక్కించారు. డాక్యుమెంటరీల రోజు సగటున 754 సెకన్లు తొక్కితే, బుర్ర అలిసిన రోజు 640 దగ్గరే ఆగిపోయారు. తొక్కుతున్నంతసేపూ గుండె వేగంలో, ఆక్సిజన్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెరిగింది 'కష్టంగా ఉంది' అన్న భావన ఒక్కటే. అది మొదటి నిమిషాల నుంచే ఎక్కువ కాబట్టి, ఓర్చుకోగల హద్దు తొందరగా వచ్చేసింది. తర్వాతి ప్రయోగాలు అన్నిట్లోనూ ఇంత తేడా వచ్చిందని కాదు. ఆరితేరిన సైక్లిస్టులు బాగా తట్టుకున్నారు కూడా. మన పిల్లలు ఇంకా ఆ దశకి రాలేదు.

ఒక్కసారి బలమంతా పెట్టే పనిని ఈ అలుపు అంతగా తాకదు. విజయనగరం దగ్గర కొండవెలగాడలో బరువులెత్తే పిల్లలకీ, 1600 మీటర్ల పిల్లలకీ ఒకే టైమ్‌టేబుల్ అందుకే కుదరదు.

వారానికి రెండుసార్లు, పుస్తకం తెరవకముందే, తెల్లవారుజామున 5:30కి టైమ్ పెట్టి 1600 పరుగెత్తాలి. ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి. లాంగ్‌జంప్ కూడా పొద్దుటికే ఉంచాలి, పలక మీద అడుగు కుదరడం ఏకాగ్రత పని. సాయంత్రానికి 60 మీటర్ల పరుగులు నాలుగైదు, మధ్యలో మూడేసి నిమిషాల విరామం. లేదా మాట్లాడుకుంటూ వెళ్లగలిగే 25 నిమిషాల నెమ్మది పరుగు, వాచీ లేకుండా. చదువుకీ గ్రౌండుకీ మధ్య అరగంట ఖాళీ ఉండాలి. ఆ అరగంట రీల్స్ చూస్తే విశ్రాంతి కాదు, బుర్రకి ఇంకో డ్యూటీ. ముప్పావుగంట ముందు గ్లాసు టీ కొంత ఆదుకుంటుంది, కానీ సాయంత్రం టీ రాత్రి నిద్ర తినేస్తుంది.

నోటుబుక్కులో టైమొక్కటే రాస్తే చాలదు. చదివిన గంటలు, నిద్ర, పదికి ఎంత కష్టమనిపించిందో కూడా రాయాలి. వేగం సాయంత్రమే తగ్గుతుంటే ముందు బుర్ర అలుపుని అనుమానించాలి. మే నెల ఉక్క అయితే అదో కారణం. బాగా నిద్రపోయిన పొద్దుట కూడా రెండు వారాలు వరసగా తగ్గితే లోపం ఒంట్లో ఉండొచ్చు, హిమోగ్లోబిన్ చూపించాలి.

ఊరొదిలి దూరాన ఉద్యోగాలు చేస్తున్న మన సంగతీ అంతే. ఆఫీసయ్యాక జిమ్మా, సోఫానా అని అలిసిన బుర్రని అడిగితే సోఫానే అంటుంది. ఆ నిర్ణయం పొద్దున్నే చేసేసి, బూట్లు కారులో పడేసుకోవాలి.

ఊరి పిల్లల బూట్లకి డబ్బు పంపుతున్నాం, మంచిదే. ఈసారి పంపేటప్పుడు, పొద్దున్న ఆరింటికే మొదలయ్యే కోచింగ్ క్లాసుని వారానికి రెండ్రోజులైనా ఏడున్నరకి జరపమని కూడా అడుగుదాం.