తొట్టి బోర్లించినవాడికి శాలువా కప్పరు

పోయిన ఆషాఢంలో బెంగళూరులోని మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక ఆశా కార్యకర్త అరగంట నిలబడింది. అమ్మకాలకూ చందాలకూ వచ్చేవాళ్లను లోపలికి పంపవద్దని కమిటీవాళ్ల ఆజ్ఞ. ఆమె ఆ రెంటికీ రాలేదు, ఇళ్లలో నిలవున్న నీళ్లు చూడడానికి వచ్చింది. సెక్యూరిటీ అతనికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. కూరగాయల సంచితో వస్తున్న నేను పూచీపడి లోపలికి తీసుకువెళ్లాను. ములబాగలు వైపు అమ్మాయి, తెలుగులోనే మాట్లాడింది.

మా ఇంట్లో ఏముంటుందిలే అన్న ధీమా నాది. ఆమె నేరుగా బాల్కనీలోకి వెళ్లి, తులసి కుండీ కింద పళ్లెంలోకి ఫోను టార్చి వేసింది. వేలి గోరు మునిగేటన్ని నీళ్లు. వెలుతురు పడగానే వెంట్రుక ముక్కల్లాంటివి పదో పన్నెండో మెలికలు తిరుగుతూ అడుక్కి జారాయి. తర్వాత నా రాతబల్ల మీది మనీప్లాంట్ సీసా ఎత్తి చూసింది. అందులోనూ ఉన్నాయి. “ఈ నీళ్లు ఎప్పుడు మార్చారు సార్?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆ సీసా పక్కన కూర్చునే, వీధి చివరి మురుగుకాలువలో దోమలు పెరుగుతున్నాయని నగరపాలక సంస్థకు రెండు ఫిర్యాదులు రాశాను మరి.

డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు కన్నా తేట నీళ్లే ఇష్టం. పగలే కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఇంకో సంగతి ఆ అమ్మాయి చెప్పేదాకా నా తలకెక్కలేదు. అది గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు పారబోసినా గుడ్లు గోడకే ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. అందుకని పారబోస్తే సరిపోదు, పీచుపెట్టి తోమాలి. కావేరి నీళ్లు రాని రోజుల కోసం డ్రమ్ముల్లో, బిందెల్లో పట్టిపెట్టుకునే ఊరు మనది. 2024 వేసవి కరువులో ఎన్ని కొత్త డ్రమ్ములు కొన్నామో గుర్తు తెచ్చుకోండి. అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? మిద్దె మీద, మూతల్లేకుండా.

మనకు నచ్చేది మాత్రం పొగ. బండి బుర్రుమంటూ వీధిలోకి రాగానే పిల్లలు వెంట పరిగెడతారు, పెద్దలు ఫోనుల్లో పట్టుకుంటారు, ఏదో జరిగిందన్న తృప్తి కలుగుతుంది. ఆ పొగ ఎగిరే దోమల్లో కొన్నింటిని చంపుతుందే కానీ పళ్లెంలోని దోమపిల్లలను తాకదు.

మన తెలుగు సంఘానిదీ ఇదే జబ్బు. ఏటా ఉగాది తర్వాత ఆరోగ్య శిబిరం పెడతాం. బ్యానరు, జ్యోతి ప్రజ్వలన, వైద్యులకు శాలువాలు, వచ్చినవాళ్లకు షుగరూ బీపీ చూసి ఒక చీటీ. ఆ చీటీ పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్లు ఎందరని మనం ఎప్పుడూ అడగలేదు. శిబిరం వద్దనను. కానీ పోయిన కార్యవర్గ సమావేశంలో, వానాకాలం నాలుగు నెలలూ వారానికొకసారి సభ్యులు తమ తమ అపార్ట్‌మెంట్లలో తొట్లూ పళ్లేలూ చూసుకునే ఏర్పాటు చేద్దామన్నాను. కోశాధికారిగారు నవ్వి, “తొట్టి కడిగితే పత్రికలో ఫోటో ఏం వేస్తామండీ?” అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నా అసలు మాట అదే. రాని జబ్బుకు ఫోటో ఉండదు. ఆస్పత్రి నుంచి బతికి వచ్చినవాడు డాక్టరు కాళ్లకు దండం పెడతాడు. అసలు ఆస్పత్రికే వెళ్లనివాడు ఎవరికి దండం పెట్టాలో తెలియక, తన అదృష్టం అనుకుంటాడు.

ఈ సమావేశం మన ఊళ్లో ఒకసారి ముందే జరిగింది. 1883లో రోనాల్డ్ రాస్ అనే పాతికేళ్ల సైనిక వైద్యుడు బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఉండేవాడు. తన గదిలోనే దోమలు ఎక్కువెందుకని వెతికితే కిటికీ బయట నీళ్లతొట్టి కనిపించింది. బోర్లించాడు, దోమలు తగ్గాయి. మిగతా పాత్రలనూ ఇలాగే చేయిద్దామని అడ్జుటెంట్ అనే సైనికాధికారిని అడిగితే ఆయన కుదరదన్నాడు. దోమలను సృష్టించడంలో ఏదో ప్రయోజనం ఉంటుందనీ, వాటిని ఓర్చుకోవడమే ధర్మమనీ ఆయన వాదన! అదే రాస్ పద్నాలుగేళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ వచ్చింది. సికింద్రాబాదు సంగతి పిల్లల పాఠాల్లో ఉంది. బెంగళూరు తొట్టి ఎవరికీ పట్టలేదు.

సికింద్రాబాదు సంగతి జరిగిన మరుసటి ఏడు, 1898లో, ప్లేగు బెంగళూరుకు వచ్చింది. ఇరుకు పేటల్లోంచి జనాన్ని గాలీ వెలుతురూ ఉన్నచోటికి తరలించాలన్న తొందరలో మల్లేశ్వరం, బసవనగుడి రూపుకట్టాయి. ఇవాళ అక్కడ సెంటు కొనలేక నిట్టూర్చే మనం, ఆ వెడల్పాటి వీధులకు మొక్కాల్సింది ప్లేగమ్మకేనని మరిచిపోయాం. ఆ అమ్మకు ఈ ఊళ్లో గుళ్లయినా ఉన్నాయి.

2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధుల జాబితాలో చేర్చి, దోమలు పెరిగే నీళ్లుంటే పట్టణాల్లో ఇంటికి 400 రూపాయల జరిమానా పెట్టింది. జరిమానా సరే, వేసేవాళ్లు ముందు గేటు దాటాలి కదా. చదువుకున్నవాళ్ల అపార్ట్‌మెంట్లలోకే వాళ్లకు ప్రవేశం కష్టమని ఆ అమ్మాయి మాటల్లో తెలిసింది. బస్తీల్లో తలుపు తీస్తారట, మంచినీళ్లు కూడా ఇస్తారట.

ఆంధ్రలోనూ తెలంగాణలోనూ శుక్రవారం డ్రై డే అని పాటిస్తారు. ఇక్కడ ఆ పేరు పెడితే మందుషాపు మూసేశారా అని అడుగుతారు కనుక వేరే పేరు వెతకాలి. పేరేదైనా ఆదివారం పొద్దున్న పావుగంట చాలు: కుండీ పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే, మిద్దె మీది డ్రమ్ములు, పూజకు కొట్టి పారేసిన కొబ్బరి చిప్పలు. దోమ దూరం ఎగరదు కనుక పక్కింటివాళ్లను కూడా పిలుచుకోవాలి. సంఘం చేయాల్సిన ఖర్చు దాదాపు లేదు. అదే దీని లోపమేమో.

మా అపార్ట్‌మెంట్‌లో ముప్పై రెండు ఫ్లాట్లు. ఆ రోజు ఆమెను లోపలికి రానిచ్చినవి నాలుగు. మళ్లీ మంగళవారం వస్తానంది. గేటు దగ్గర నా పేరు చెప్పమన్నాను. కమిటీవాళ్లకు ఉత్తరం కూడా రాశాను, మనీప్లాంట్ సీసా పక్కనే కూర్చుని. ఇప్పుడు దాన్లో మట్టి నింపాను.