తెనాలి నుంచి డెనాలికి ఒక ఫిర్యాదు

మహారాజరాజశ్రీ డెనాలి పర్వతరాజు గారి సముఖమునకు, తెనాలి వాస్తవ్యుడు, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమనే తలుస్తాను. తలవడమే తప్ప చూసి చెప్పే భాగ్యం కలగలేదు. పోయిన జూన్‌లో పదకొండు రాత్రులు ఓడెక్కి, రైలెక్కి, బస్సెక్కి మీ గుమ్మం దాకా వచ్చాం. మీ మేఘాన్ని చూసి వెనక్కి పోయాం. మేఘం బాగుంది. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు.

సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి ఈ ప్రయాణం ఖాయం చేయగానే తెనాలిలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, ఓడలో డెనాలి వెళ్తున్నాం" అన్నాను. ఎనభై ఆరేళ్ల మనిషి, చెవుడు. "తెనాలి రావడానికి ఓడెందుకురా? గుంటూరులో దిగితే రైళ్లున్నాయిగా" అంది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ అడిగినదాంట్లో ఊరి పేరు ఒక్కటే తప్పు. ఓడెందుకు అన్నది అక్షరాలా అడగవలసిన ప్రశ్న.

ఎందుకంటే మీరు కొండ. అది కూడా సముద్రం ఒడ్డున లేరు, అలాస్కా నడిబొడ్డున ఉన్నారు. కోటప్పకొండ తిరనాళ్లకు బందరులో లాంచీ ఎక్కి బయలుదేరిన వాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అదే మాట మావాడితో అంటే, "దీన్ని క్రూజ్ టూర్ అంటారు నాన్నా. ఏడు రాత్రులు ఓడ, నాలుగు రాత్రులు నేల. అన్నీ వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. అన్నీ వాళ్లే చూసుకున్న మాట నిజం. మేం చూడటానికే ఏమీ మిగల్లేదు.

పైగా ఆ ఓడ అమెరికాలో ఎక్కడానికి లేదు. 1886లో చేసిన చట్టం ఒకటుందట. వేరే దేశం జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని నేరుగా ఇంకో అమెరికా రేవులో దింపేసి పోకూడదు. మా ఓడేమో ఇరవై అంతస్తుల మేడంత ఉంది గానీ, దాని జెండా నేను మ్యాపులో భూతద్దం పెట్టి వెతుక్కున్న దేశానిది. అందుకని అలాస్కాలో దింపేసే ఇలాంటి ఓడలు కెనడాలో, వాంకోవర్‌లో బయలుదేరతాయి. నాదీ మా ఆవిడదీ ఇండియా పాస్‌పోర్టు. అమెరికాలో ఉన్న మనుషులం, అమెరికాలో ఉన్న కొండను చూడటానికి కెనడా వీసా కోసం పది వేళ్ల ముద్రలూ ఇచ్చాం. మీ కోసం ఇంత చేశామని మీకు తెలియదు. తెలిస్తే ఒక్క భుజమైనా చూపించేవారేమో.

ఓడ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. తిండి ఉచితం, తక్కినది బిల్లు. ఎక్కగానే మెడలో వేసుకోమని ఒక కార్డు ఇచ్చారు. అది గీస్తే డబ్బు ఖర్చయినట్టే అనిపించదు. నలభై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన నాకు ఆ కిటుకు తెలుసు గనక రెండో రోజే ఒక సూత్రం కనిపెట్టాను: ఎవరైనా నవ్వుతూ దగ్గరికొచ్చి "కావాలా సార్?" అని అడిగితే దాని వెనక బిల్లు ఉంటుంది. నవ్వు ఎంత వెడల్పయితే బిల్లు అంత పొడవు. ఫొటో తీయమంటారా, వైఫై ఇమ్మంటారా, హెలికాప్టర్‌లో మంచు మీద దింపమంటారా, అన్నిటికీ నా దగ్గర ఒకటే జవాబు, "నో థాంక్స్." వారం తిరిగేసరికి ఆ రెండు మాటల్లో నా ఇంగ్లిష్ ఉచ్చారణ చూసి మా మనవడే మెచ్చుకున్నాడు.

గ్లేసియర్ బేలో మంచు పెళ్లలు పెళపెళమంటూ విరిగి నీళ్లలో పడటం చూశాం. అవి చెప్పిన చోట ఉన్నాయి, చెప్పిన వేళకు కనిపించాయి. వాటిని చూసి మీరు కొంచెం మర్యాద నేర్చుకోవచ్చు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు మా వాళ్లు. ఆ సామెత పడవవాడి గురించి పుట్టింది. మా విషయంలో అది ప్రయాణికుల మీదికి తిరిగింది. ఏడు రోజులు దుప్పటి మడిచి తువాలుతో ఏనుగు బొమ్మ చేసి పెట్టిన మర్యాద, విట్టియర్ రేవులో దిగిన పొద్దున ఏమైపోయిందో తెలియదు. పెట్టెలు ముందు రాత్రే తలుపు బయట పెట్టేశాం. చేతిసంచీలో ఆవకాయ సీసా, రెండు పూటల బట్టలు, మా ఆవిడ బీపీ మాత్రలు. రైలూ కార్లూ వంతులేసుకుని దూరే నాలుగు కిలోమీటర్ల సొరంగంలోంచి బయటపడి, పైన గాజు కప్పున్న రైలు పెట్టెలో రోజంతా కూర్చున్నాం. మీరు ఎటు వైపు కనిపించినా కనిపించాలని ఆ గాజు కప్పట. మెడలు నొప్పి పుట్టేలా అందరం పైకే చూశాం. వాన చినుకులు చాలా దగ్గర నుంచి కనిపించాయి.

టాల్కీట్నాలో దిగి, బస్సులో మీ దక్షిణం వైపున్న బసకు చేరాం. అక్కడి వసారా గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. వంద కుర్చీలుంటాయి. అన్నీ ఒకే వైపుకి, మీ వైపుకి తిరిగి ఉన్నాయి. ఎదురుగా ఒక పలక మీద మీ బొమ్మ గీసి, ఏ శిఖరం ఎక్కడుందో గీతలతో చూపించారు. పలక దాటి తలెత్తితే ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి లాగా మేఘం. వంద మంది కాఫీ కప్పులు పట్టుకుని ఆ దుప్పటిని చూస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. మధ్యలో ఒకాయన లేచి, "అదిగో, ఆ అంచు... అది మేఘం కాదు" అన్నాడు. వంద మందీ లేచారు. అది మేఘమే. మళ్లీ కూర్చున్నారు. మా ఆవిడ నెమ్మదిగా నా చెవిలో, "తెర వేసి నైవేద్యం పెడుతున్నారేమో, కాసేపు ఆగండి" అంది.

ఆగాం. నైవేద్యం పూర్తి కాలేదు.

అప్పుడే అక్కడి గైడు అసలు లెక్క చెప్పాడు. మీ కోసం వచ్చే వాళ్లలో మీరు కనపడేది నూటికి ముప్ఫై మందికేనట. ఈ మాట కట్టవలసిన డబ్బంతా కట్టాక, పదిహేను వందల మైళ్లు వచ్చాక చెప్పడం వాళ్ల గొప్పతనం. తిరుమలలో కంపార్ట్‌మెంట్లలో పద్దెనిమిది గంటలు కూర్చోబెట్టినా, చివరికి "జరగండి జరగండి" అని భుజం పట్టి లాగేసినా, స్వామి ఉంటాడు. మూడు వందల టికెట్టు కొన్నవాడికి గర్భగుడిలో పొగమంచు చూపించి పంపించరు. నూటికి డెబ్బై మందికి దర్శనం లేదంటే మా దగ్గర జనం ఊరుకుంటారా? మీ దగ్గర చప్పట్లు కొట్టి, కాఫీ ఇంకో కప్పు తాగి, ఫొటో ఉన్న పోస్టుకార్డు కొనుక్కుని వెళ్లిపోయారు.

దాక్కోవడానికి మీరేమైనా చిన్నవారా? 20,310 అడుగులు. ఎవరెస్టు 29,032 అడుగులని గొప్పగా చెబుతారు గానీ, అది ముందే ఎత్తుగా ఉన్న పీఠభూమి మీద నిలబడింది, ఎత్తు పీట మీద నిలబడి ఫొటో దిగినవాడి లాగా. మీరలా కాదు. రెండు వేల అడుగుల నేల మీది నుంచి దాదాపు పద్దెనిమిది వేల అడుగులు ఒక్క ఊపున లేస్తారు. మా మనవడు తలుపు వెనక దాక్కుంటే కనీసం కాళ్లు కనపడతాయి. ఇంత శాల్తీ ఎలా మాయమవుతుందని గైడును నిలదీశాను. దక్షిణాన ఉన్న సముద్రం నుంచి వచ్చే తేమగాలి మీ గోడకు కొట్టుకుని, పైకి లేచి, చల్లబడి, మేఘమై మీ చుట్టూనే ముసురుకుంటుందట. అంటే మీ మేఘం మీరే తయారు చేసుకుంటారు. ఇంకొకరు వేసిన తెర కాదు. ఇది తెలిశాక నాకు ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు టిఫిన్ల దగ్గర మరో దెబ్బ. పక్క టేబుల్ వాళ్లు ఫోన్లు చూపించుకుంటూ ఒకటే మురిసిపోతున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు, పావుగంట సేపు, మీరు తెర తీసి నిలబడ్డారట! జూన్ నెలలో అక్కడ రాత్రన్నది పేరుకే గనక ఆ వేళకే ఎండ మీ మీద బంగారం పూసిందట. మేం మందపాటి కర్టెన్లు వేసుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాం. ఇదేం న్యాయం? కొందరికి మాత్రం వీఐపీ బ్రేక్ దర్శనమా? సిఫార్సు ఉత్తరం ఎవరు రాశారు?

అసలు మీకు ఒక పేరంటూ ఉందా? అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా పిలుచుకున్న పేరుకు "ఎత్తైనది" అని అర్థం. 1896లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన ఒకాయన మీకు మెకిన్లీ అని పేరు పెట్టాడు. ఆ మెకిన్లీ అనే నాయకుడు తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు గానీ అలాస్కా గడ్డ మీద ఎప్పుడూ అడుగు పెట్టలేదు. అలాస్కా రాష్ట్రం 1975లో డెనాలి అనే అనుకుంది, 2015లో వాషింగ్టన్ సరేనంది, 2025 జనవరిలో మళ్లీ మెకిన్లీ అంది. పార్కు పేరు మాత్రం డెనాలియే. మా వైపు ప్రభుత్వం మారితే పథకాల పేర్లు మారతాయి. మీ వైపు కొండలకు కూడా ఆ యోగం పట్టినట్టుంది. నేను బ్రాంచిలో ఉండగా ఇలాంటి ఖాతాదారులు వస్తే, ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, ఫొటో అడిగితే మేఘం, కేవైసీ చెల్లదని తిప్పి పంపేవాణ్ణి.

అలాగని మా వాళ్లంటే మీకు గిట్టదని అనడానికీ లేదు. 2022 జూన్ 5న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ మీ నెత్తి మీద నిలబడింది. పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన పిల్ల. ఆ పిల్ల కాళ్ల కింద నిలబడ్డారు గానీ మా కళ్లకు మాత్రం ఆనలేదు. ఆ పిల్ల మంచులో నడుచుకుంటూ వచ్చింది, మేం బఫేలో నడుచుకుంటూ వచ్చాం, అదేనా మీ లెక్క?

ఇక పార్కు బస్సు. మీ దారి 92 మైళ్లు. సొంత కార్లయితే 15 మైళ్ల దగ్గరే ఆపేస్తారు. తక్కినది బస్సుల్లోనే. 2021 ఆగస్టులో కొండచరియ కింద నేల జారిపోయి రోడ్డు మూసేశారు గనక ఆ బస్సులు కూడా 43వ మైలు దగ్గర వెనక్కి తిరుగుతాయి. వంతెన కడుతున్నారు. అంటే మీరు మేఘం అడ్డం పెట్టడమే కాక, దారిని కూడా సగంలో లాగేశారు. ఐదారు గంటలు ఆ బస్సులో కూర్చుంటే దూరాన గోధుమరంగు చుక్క కనిపిస్తుంది. కదిలితే ఎలుగుబంటి, కదలకపోతే రాయి. ఎదురు కొండ మీద ఉప్పు కళ్లలా తెల్ల చుక్కలు, అవి గొర్రెలట. దగ్గరగా, నిలువెల్లా, ఏ మొహమాటం లేకుండా మాకు దర్శనమిచ్చిన జీవి ఒక్కటే: నేల ఉడత. శీతాకాలమంతా ఒళ్లు సున్నా డిగ్రీల కంటే కిందికి చల్లబరుచుకుని నిద్రపోయి, మళ్లీ వేసవికి లేచి కూర్చునే మహానుభావుడు. రోడ్డు పక్కన రెండు కాళ్ల మీద నిలబడి మమ్మల్నే చూసింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఇన్నాళ్లూ ఎవరెవర్నో వెక్కిరించాను. ఆ సామెతలో దిగి కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ బస్సులో తెలిసింది.

బయట కనపడని తమరు దుకాణాల్లో మాత్రం ఎక్కడపడితే అక్కడ ఉన్నారు. కప్పుల మీద, మేజోళ్ల మీద, ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాల మీద, ఒక్క మేఘం లేకుండా. "30 పర్సెంట్ క్లబ్" అని రాసిన టీషర్టు కూడా అమ్ముతున్నారు, మిమ్మల్ని చూసినవాళ్లు వేసుకోవడానికి. మా మనవడు కావాలన్నాడు. చూడకుండా వేసుకోకూడదురా, తప్పు అన్నాను. "కౌంటర్‌లో ఎవరూ అడగట్లేదు తాతయ్యా" అన్నాడు. కొన్నాం.

నేను తీసిన మీ ఫొటో, అదే, మేఘం ఫొటో, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా బావమరిది రెండు నిమిషాల్లో జవాబిచ్చాడు. "లంబసింగి ఎప్పుడెళ్లారు బావగారూ? మాకు చెప్పనే లేదు."

ఇదండీ సంగతి. మళ్లీ రమ్మని మావాడు అంటున్నాడు. ఈసారి ఓడ ప్రసక్తి లేకుండా రమ్మంటే ఆలోచిస్తాను. మీ వైపు నుంచి ఏ వేళ వస్తారో ఒక ముక్క రాసి పడేస్తే టికెట్లు చూసుకుంటాం.

ఇట్లు,
మీ దర్శనానికి నోచుకోని డెబ్బై శాతంలో ఒకడు,
తెనాలి.

తా.క.: పైన రాసిందంతా మా ఆవిడకు చదివి వినిపించాను. "ఏవండీ, అసలు ముక్క రాయకుండా ఈ ఉత్తరం పోస్టు చేస్తే నేను ఊరుకోను" అంటోంది. అందుకని రాస్తున్నాను. వసారా ఉన్న ఆ బసలో దిగిన సాయంత్రం, మా అబ్బాయి పెట్టెలు లెక్కపెట్టుకుంటుంటే, రెండు గదుల తాళాలూ తీసుకోవడానికి కౌంటర్ దగ్గరికి నేనే వెళ్లాను. అక్కడున్న పిల్ల చాలా వెడల్పుగా నవ్వింది. "రాత్రి ఏ వేళ కొండ బయటికొచ్చినా మీ గదులకు ఫోన్ చేసి లేపమంటారా సార్?" అని అడిగింది. దానికి బిల్లు లేదన్న సంగతి మర్నాడు టిఫిన్లయ్యాక మా ఆవిడ వెళ్లి కనుక్కొచ్చింది. ఆ సాయంత్రం మాత్రం నేను ఆ నవ్వు వెడల్పు చూశాను, వారం రోజుల సాధన అంతా గొంతులోకి తెచ్చుకున్నాను, రెండు గదులకూ కలిపి ఒక్కసారే చెప్పాను, "నో థాంక్స్."