సవరణ: వేదిక మీద వినిపించేది బాబీ ఫారెల్ గొంతే

డిస్కో పాటల బృందం బోనీ ఎమ్ 1978 నాటి డబ్లిన్ కచేరీ వీడియో గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, ఆ బృందంలోని ఏకైక పురుష సభ్యుడి గురించి ‘బాబీ ఫారెల్ పాడలేదు, పెదవులు మాత్రమే కదిపారు’ అనే వాక్యం ఉంది. అది స్టూడియో రికార్డులకే వర్తిస్తుంది. కచేరీకి కాదు.

రికార్డుల్లోని ఆ లోతైన మగ గొంతు నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. ఆడ గొంతులు బృందంలోని లిజ్ మిచెల్, మార్సియా బారెట్‌లవి. నాలుగో సభ్యురాలు మేజీ విలియమ్స్ గొంతు కూడా రికార్డులకు వాడలేదు. అయితే కచేరీల్లో వాద్యబృందంతో కలిసి నలుగురూ స్వయంగా పాడేవారు. ఎగిరి గంతులేస్తూనే పాడే ఫారెల్ గొంతు కాస్త బొంగురుగా, ఆయాసంతో వినిపిస్తుంది. రికార్డుకు అలవాటుపడిన చెవికి మొదట కొత్తగా ఉంటుంది. నాకైతే ఆ గరుకుదనమే ఎక్కువ ఇష్టం. అరూబా దీవి నుంచి వచ్చిన ఆ నర్తకుడి కష్టాన్ని ఉత్త నటనగా కొట్టిపారేయడం అన్యాయం.

మరొకటి. రష్యా జార్ చక్రవర్తి కాలపు సాధువు మీద బోనీ ఎమ్ పాడిన ‘రాస్పుతిన్’ పాటను 1978 డిసెంబరులో మాస్కోలోనూ పాడారని కొందరు పాఠకులు రాశారు. సోవియట్ అధికారులు ఒప్పుకోకపోవడంతో అక్కడ ఆ పాట పాడలేదు. పాత వ్యాసంలోని వాక్యాన్ని ‘స్టూడియో రికార్డుల్లో పాడలేదు’ అని మార్చాం.