డెంటింగ్ పెయింటింగ్ అట!

పొద్దున్నే ఆటోవాడు మా అల్లుడి కారు వెనక బంపర్‌ని గీరేసి పోయాడు. అరచెయ్యంత సొట్ట. సర్వీస్ సెంటర్ కుర్రాడు వేలితో రెండుసార్లు టకటక కొట్టి "రిపేర్ అవదు సార్, బంపరే మార్చాలి" అని తేల్చేశాడు. నేను ఉండబట్టలేక "కాస్త వేడి చూపించి లోపల్నుంచి తోస్తే వచ్చేస్తుంది కదయ్యా" అన్నాను. నవ్వాడు. సర్లే, పిల్లాడు. కారెక్కాక మా అల్లుడన్న మాట వినండి: "మీరూ షెడ్డులో ఇదే కదా మామయ్యా చేసింది, డెంటింగ్ పెయింటింగు!"

రైల్వే డీజిల్ షెడ్డులో ముప్ఫై ఏళ్లు వెల్డింగ్ చేశాను బాబూ. ఆల్కో కంపెనీ డీజిల్ రైలింజన్లు, డబ్ల్యూడీఎం-2లు. 2600 హార్స్‌పవర్, 112 టన్నుల పైమాటే. 1962లో మొదటివి అమెరికా నుంచి దిగేనాటికి మా వియ్యంకుడికి పలక కూడా కొనుండరు.

రైల్వే గేటు దగ్గర ఇసుక లారీని గుద్దొచ్చిన బండిని ఎప్పుడైనా చూశారా? షార్ట్ హుడ్, అంటే డ్రైవర్ క్యాబిన్ ముందుండే పొట్టి ముక్కు, అప్పడంలా నలిగి, దాని కింద పశువుల్ని తోసేసే ఇనప క్యాటిల్ గార్డ్ కిందికి మడతపడి ఉంటుంది. అందరూ ఆ రేకునే చూస్తారు. రేకు మాకొక లెక్కా? కోసి కొత్తది అతికిస్తాం. భయమంతా కింద అండర్‌ఫ్రేమ్ గురించే, బండి మొత్తాన్నీ మోసే ఇనప చట్రం అది. ఈ చివర్నుంచి ఆ చివరికి తీగ లాగి చూడాలి. పక్కబండికి ఆనే బఫర్ ఎత్తు పట్టా మీంచి 1105 మిల్లీమీటర్లు దాటకూడదు, 1030కి తగ్గకూడదు. చక్రాల లోపలి ముఖాల మధ్య 1600. ఫ్రేము వంగి జనరేటర్ అలైన్‌మెంట్ పోయిందంటే దాన్ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్ మీదికొస్తుంది.

తర్వాత డీపీ టెస్ట్, కంటికి ఆనని పగుళ్లు పట్టే పరీక్ష. ఎర్ర మందు పూసి, కాసేపాగి తుడిచేసి, తెల్ల మందు కొడతాం. పగులుంటే ఆ తెలుపు మీద వెంట్రుకంత ఎర్ర గీత మెల్లగా తేలుతుంది. అది కనపడ్డాక ఇంక ఆ పూట అన్నం సహించదు. మొదలంటా గ్రైండింగ్ చేసి, ఓవెన్‌లో ఆరబెట్టిన వెల్డింగ్ రాడ్డుతో పొర మీద పొర నింపాలి. ఎర్త్ క్లాంపు, అంటే కరెంటు తిరిగెళ్లే క్లిప్పు, వెల్డింగ్ పక్కనే పెట్టాలి. బద్ధకించి పట్టాకి తగిలించారో, కరెంటు యాక్సిల్ బేరింగుల్లోంచి పోయి లోపల గుంటలు పడతాయి. ఆ రోజు తెలీదు. ఎప్పుడో నడిదారిలో తెలుస్తుంది. డెంటింగ్ పెయింటింగ్ అట!

గేదెని గుద్దిన బండి సంగతి అడగనే అడగరు. ఎండాకాలం, రెండ్రోజుల తర్వాత షెడ్డుకొచ్చిన బండి. క్యాటిల్ గార్డ్ వెనక ఇరుక్కున్నదంతా పైపు పెట్టి కడిగితే గానీ ఇనుము కోసే గ్యాస్ టార్చి వెలిగించలేం. ఆ రోజుల్లో మా ఆవిడ నన్ను పెరట్లోనే ఆపి, నెత్తి మీద నాలుగు బకెట్లు కుమ్మరించాకే గడప తొక్కనిచ్చేది.

లాంగ్ హుడ్, అంటే క్యాబిన్‌కి అటువైపుండే పొడుగు ముక్కు, ముందు పెట్టి నడపాలంటే దారి కనపడదని డ్రైవర్లు విసుక్కునేవాళ్లు. గుద్దినరోజు ఆ పొడుగాటి ఇనుముకే దండం పెట్టుకునేవాళ్లు. ఆ చివరుండేది రేడియేటర్ రూము, నలిగితే చచ్చేది మేం. అది వేరే కథ.

అల్లుణ్ణి అని ఏం లాభం లెండి. ఒకసారి ఇలాగే నుజ్జయిన బండిని పైకి లేపాం. రంగులేశారు, దండేశారు, కొబ్బరికాయ కొట్టారు. ఫోటో టైముకి ఒకాయన నన్ను చూసి "కొంచెం పక్కకి జరగవయ్యా, ఫ్రేములో పడుతున్నావు" అన్నాడు. ఫ్రేములో! ఆ ఫ్రేము కింద వెల్లకిలా పడుకుని, నిప్పురవ్వలు కాలర్లోకి జారుతుంటే అతుకులేసినవాణ్ణి నేను. ఆ ఫోటో ఆఫీసు గోడ మీద ఏళ్ల తరబడి వేలాడింది. కొబ్బరికాయ కొట్టినాయన ఉన్నాడు, ఫైలు పట్టుకున్నాయన ఉన్నాడు, ఎవరో ఆయన మేనల్లుడు కూడా ఉన్నాడు. కాలర్ కింద ఆ మచ్చలు నాకింకా ఉన్నాయి.

కొత్త బంపర్ వారం దాకా రాదట. అల్లుడు ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. మా అమ్మాయి హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని కిందికి పార్కింగ్‌లోకి వెళ్తున్నా.